కత్తివడ్డ ఒళ్లు

ఓదెలు అంగి ఇప్పేటోడు కాదు. ఎండకాలం ఊరంత అంగిలిప్పుకొని గడపలల్ల కూసున్నా వాడు ఇప్పడు. లోపట బిగ్గున ఒక బనీను, దాని మీద ఇంకో బనీను, దాని మీద అంగి. వీపంత చెమటకాయలు పేలినా ఇప్పడు. ఎందుకంటే, పోరనికి మీసాలొచ్చే యీడుల రొమ్ములు పెరిగినయంట. ఆడపిల్లకు పెరిగినట్టె పెరిగినయి అనుకోండ్రి. అగో, నవ్వుతున్నరు గదా. నవ్వేటోళ్లు లేసి పోండ్రి, నేను చెప్పను. మా ఊరు నవ్వింది సాలు. వాళ్లమ్మ కనుకవ్వ, లేతొళ్లు గదా తగ్గుతయి తియ్యి బిడ్డా అని కొన్నొద్దులు అనుకున్నది. తగ్గలే. గొంతు మారింది, మీసాలు గట్టిపడ్డయి, అవి మాత్రం తగ్గలే. కాలువల ఈతకు పోతే పోరగాండ్లు ఎనుకనుంచి వచ్చి పట్టుకునేటోళ్లంట. వాడు ఈత మానేసిండు, తర్వాత బడి కూడ మానేసిండు. ఊర్లె సూదులేసే ఆర్‌ఎంపీకి చూపిస్తే ఏవో గోలీలిచ్చి, పెండ్లి చెయ్యి అవే పోతయి అన్నడంట. ఇసొంటోనికి పిల్లనెవడిస్తడని ఆ ఆర్‌ఎంపీనే ఇంకో ఇంట్ల కూసొని నవ్విండంట. నాకు తలుచుకుంటె ఇప్పటికీ ఒళ్లు మండుతది.

ఇగ వీళ్ల ఇంటికి ఊరి పోతరాజు వంతున్నది, తాతలనాటి నుంచి. పోశమ్మకు బోనాలు తీసిన నాడు ఆ ఇంటి మొగోడే ఒంటినిండ పసుపు రాసుకొని, గజ్జెలు కట్టి, కొరడ పట్టి బోనాల ముందల ఆడుకుంట పోవాలె. పోతరాజుకు అంగి ఉండదు, మీకెరుకే. ఓదెలు నాయిన సచ్చిపోయినంక, నాయిన తమ్ముడు గట్టయ్య ఆ వంతు పట్టుకున్నడు. పిలగాడు ఎదిగేదాక నేను చేస్త వదినె, ఎదిగినంక వానిదే అన్నడంట. అన్నడు గని, పట్టుకున్నంక ఇడువబుద్ది కాలే. ముందల నడిస్తే డప్పులాయె, దండాలాయె, ఎవలకు చేదు? ఏమైందంటే ఓదెలు ఎదిగిండు. కనుకవ్వ పోయి, మరిదీ ఈ యేడు పిలగాన్ని నిలవెట్టు అన్నది. గట్లనే వదినె అన్నడు, మస్తు మెత్తగ అన్నడు. పండుగ నాడు పంచాయితాఫీసు ముందల ఊరంత జమైనంక, పసుపు కలిపి తెచ్చినంక, అంగిప్పురా అన్నడు. పోరడు అంగి ఇప్పి, బనీన్లు ఇప్పి, కండ్లు కిందికేసుకొని నిలవడ్డడు. గట్టయ్య జరసేపు వాని దిక్కు చూసి, ఊరందరికి ఇనవడేటట్టు అన్నడు, "దీనికి పసుపు కాదు, రైక తేండ్రి."

ఊరంత ఒక్కపాలి నవ్వింది. డప్పులు కొట్టేటోళ్లు పుల్లలు ఇడిచిపెట్టి నవ్విండ్రంట. ఓదెలు అంగి చేతిల పట్టుకొని ఇంటికి ఉరికిండు. కనుకవ్వ ఎనుకనే ఉరికింది. పోయి చూస్తే వాని చేతిల కొడవలున్నది. "అవ్వా, నన్ను దవాఖాన్ల కోపియ్యి. లేకుంటె నేనే కోసుకుంట" అన్నడు. ఆమె కొడవలి గుంజి దొడ్లెకు ఇసిరేసింది. ఏడువలే. ఏడిస్తే కోపం కరిగిపోతదని ఏడువలేదంట, మొండిది.

ఆమెనే వాన్ని పట్నం పెద్దదవాఖానకు తోలుకపోయింది. అక్కడి డాక్టరమ్మ నొక్కి చూసింది, రక్తం తీసి పరీచ్చలు చేపిచ్చింది. అంత అయినంక కూసోవెట్టుకొని ఏం చెప్పిందంటే, ఇది పాపం కాదమ్మా, నీ కొడుకు మొగతనానికి ఏ కొదువ లేదు, ఆ యీడుల చానమంది పోరగాండ్లకు వస్తది, ఎక్కువమందికి దానంతటదే పోతది, కొందరికి లోపట గట్టిపడి ఉండిపోతది, గట్టిపడ్డంక గోలీలకు కరగది, చిన్న కోత వెట్టి లోపటి గడ్డ తీస్తం, కొవ్వు గుంజుతం అన్నది. ఇన్నేండ్లు ఎందుకు తోలుకరాలేదు అని అడిగింది. కనుకవ్వకు అక్కడ వచ్చింది కోపం. "మాకెవలు చెప్పిండ్రు డాక్టరమ్మా? నవ్వినోళ్లే గని చెప్పినోళ్లు లేరు" అన్నది. ఆపరేషన్ అయింది. ఎదకు బిగుతు జాకీటు తొడిగి, బరువులెత్తొద్దు, జర నయమయ్యేదాక దీన్ని ఇప్పొద్దు అన్నరు. నొప్పికి పండ్లు కొరుక్కుంట పండుకునేటోడంట, గని మొఖం మీద నవ్వుండేదంట. జాకీటు తీసిన నాడు వాని ఎద చదునుగ ఉన్నది. రొమ్ముమొనల కింద సన్నటి గీతలు, అంతే. బనీను లేకుంట ఒక్క అంగి మీద బజారుకు పోయిండు. గాలి తగులుతున్నదే అవ్వా అని ఇంటికొచ్చి చెప్పిండంట. చిన్న ముచ్చటే అనిపిస్తది మీకు. వానికి కాదు.

మల్ల పండుగొచ్చింది. ఆడోళ్లంత బోనాలెత్తుకొని పంచాయితాఫీసు ముందల బారు కట్టిండ్రు. కనుకవ్వ కూడ ఎత్తుకున్నది. ఎత్తిన బోనం గుడికాడనే దించాలె, నడుమల దించొద్దు, అది మా దిక్కు కట్టుబాటు. ఓదెలు ముందలికి వచ్చి, ఎవలూ చెప్పకముందే అంగి ఇప్పిండు. ఈపాలి ఎవలూ నవ్వలే. నవ్వుటానికి ఏం లేదు గదా. గని గట్టయ్య ఊకుంటడా? తన కొడుకు రాజేశంకు ఇంట్లనే గజ్జెలు కట్టి తెచ్చిండు, చూడుండ్రి ఎంత తయారుగున్నడో. ఓదెలు ఎద మీద గీతలకు ఏలువెట్టి చూపిచ్చి, "చెవి తెగిన మేకను తల్లికి ఇస్తమా? పక్కకు కడ్తం. వీని ఒంటి మీద కత్తివడ్డది. తెగిన ఒళ్లు పోశమ్మకు పనికిరాదు" అన్నడు. పెద్దమనుషులు ఒకని మొఖం ఒకడు చూసుకొని, గదీ నిజమే అన్నరంట. రొమ్ములుంటె పనికిరాడు, తీపిచ్చుకుంటె పనికిరాడు. మరి వాడు ఏం గావాలె, సావాలెనా? నేనడుగుతున్న మిమ్ముల.

కనుకవ్వ బారులకెల్లి బయటికొచ్చింది. వచ్చి, నెత్తి మీది బోనం తీసి గట్టయ్య కాళ్ల ముందల భూమ్మీద పెట్టింది. పైన దీపం ఎలుగుతనే ఉన్నది. ఊరంత బిత్తరపోయింది. ఆమె గొంతు కూడ లేపలే. "మరిదీ, ఈ పిలగాన్ని నా కడుపు కోసే తీసిండ్రు. తర్వాత గర్భసంచి తీయనీకి మల్ల కోసిండ్రు. నాదీ తెగిన ఒళ్లే. నా బోనం తల్లికి ఎట్ల పనికొస్తది?" అన్నది. బారుల నుంచి ఇంకొకామె వచ్చి, నాకు పిల్లలు కాకుంట ఆపరేషన్ చేసిండ్రు అని దించింది. ఆమె ఎనుక ఇంకొకామె. ఒకామెది పెద్దాపరేషన్ కాన్పు, ఒకామెకు కడుపుల గడ్డ. ఇన్నేండ్లు తెల్వక ఎత్తినం, తప్పయిందయ్యా అనుకుంట దించుతున్నరు. గట్టయ్య చెమటలు తుడుచుకుంట, పోనియ్యుండ్రి, మిగిలినోళ్లతోనే పోదాం అన్నడు. మిగిలింది ఎవలు? నలుగురు పెండ్లిగాని ఆడపిల్లలు, గట్టయ్య పెండ్లాం బూదవ్వ. బూదవ్వ మొగనికి ఎదురు మాట్లాడిన మనిషి కాదు, ఆయన కూసొమ్మంటె కూసునేది. ఆయన ఆమె దిక్కు చూసిండు. ఆమె రాజేశం దిక్కు చూసింది. "నీ కొడుకు కూడ నా కడుపు కోస్తె పుట్టినోడే గదనయ్యా" అని, దించింది.

పొద్దు గుంకుతున్నది. బోనాలన్ని బజార్ల భూమ్మీద ఉన్నయి. పెద్దమనుషులకు భయం పట్టుకున్నది, గట్టయ్య మీదికి తిరిగిండ్రు. ఎవరి నోరు ఎంత తొందరగ తిరుగుతదో చూడుండ్రి, జర సేపు కింద గదీ నిజమే అన్న నోర్లే. గట్టయ్య కొరడ తెచ్చి ఓదెలు ముందల పడేసిండు. ఓదెలు వంగబోతే కనుకవ్వ ఆపింది. "చేతికియ్యి మరిదీ" అన్నది. చేతికిచ్చిండు. రాజేశం తన గజ్జెలు తనే ఇప్పి ఓదెలు కాళ్లకు కట్టిండంట, ఆ పోరడు మంచోడు, తండ్రి బుద్ధి రాలే. కనుకవ్వ పసుపు తీసుకొని ముందుగాల ఆ గీతల మీదనే రాసింది. అందరు చూసేటట్టు రాసింది. అప్పుడు బోనాలు లేసినయి.

మా దిక్కు ఇంకోటి ఉన్నది. పోతరాజు పోతుంటె జనం చెయ్యి సాపుతరు, మణికట్టు మీద కొరడ దెబ్బ పడితె పీడ పోతదంటరు. పెద్దమనిషి అన్నోడు సాపకపోతె మంచిగుండది. గట్టయ్య కూడ సాపాల్సొచ్చింది. అందరికి మెల్లగ తగిలిన దెబ్బ ఆయనకు మాత్రం జర గట్టిగ తగిలిందంట, చెయ్యి ఉబ్బి మస్తు దినాలు అన్నం కూడ ఎడమచేత్తోనే తిన్నడు. నేను ఓదెలును అడిగితె, నాదేమున్నదవ్వా, తల్లి కొట్టిచ్చింది అంటడు. నిజమే అయ్యుంటది. ఆ తల్లికి మాత్రం కోపం రాదా?