ఫోన్లోకెక్కిన పండమ్మ గొంతు

పండమ్మ ఉంది చూశారూ, ఇప్పలగూడెం కెచ్చెల పండమ్మ, ఆవిడ నోరంటే కొండ కొండంతా హడలే. మంత్రసాని అనుకో. ఈ చుట్టుపట్ల తిరిగే సగం మందికి బొడ్డు కోసింది ఆ చెయ్యే. ఇదిగో, ముందర కూర్చుని ఆవులిస్తన్నాడే, ఈడి బొడ్డూ ఆవిడ కోసిందే. అలాంటి మనిషి దగ్గరికి ఒకనాడు కింద ఆసుపత్రి నర్సమ్మ ఎక్కొచ్చిందంట, సువార్తమ్మ అని. వచ్చి చెమట తుడుచుకుంటా, పెద్దమ్మా, నీ గొంతు కావాలి అందంట. "నా గొంతు నువ్వేం చేసుకుంటావే?" అంటే, ఫోన్లో పెడతానంది. "నేను పోయాక కూడా అందులో అరుస్తా ఉంటానా?" "ఉంటావు పెద్దమ్మా." "అయితే కూచో" అందంట. నవ్వుతారేంటి, అట్టాగే అంది.

ఏమైందంటే, నెల తప్పిన ఆడోళ్ళకి వారం వారం ఫోన్ మోగతది కదా. ఎత్తితే ఒకావిడ ఏ నెల్లో ఏం తినాలో, ఏం చూసుకోవాలో చెప్తది. కింద ఊళ్ళ వాళ్ళకి అది బానే పనికొచ్చింది. మన కొండకొచ్చేసరికి, "గర్భిణీ స్త్రీలు అధిక రక్తపోటు పట్ల అప్రమత్తంగా ఉండవలెను" అంటదంట. ఏంటది? ఎవరో పట్నం అమ్మగారికి పోవాల్సిన మాట దారి తప్పి మనకొచ్చిందనుకుని కట్ చేసేవోళ్ళు. అంతకు ముందేడు కన్నమ్మ అట్టాగే పోయింది. తలనొప్పి, తలనొప్పి అంటా అంటా ఫిట్సొచ్చి, ఈ పండమ్మ ఒళ్ళోనే కన్ను మూసింది. ఆ పిల్ల ఫోన్ కూడా చెప్పిందంట, తలనొప్పొస్తే ఆసుపత్రికి రమ్మని. చెప్పి ఏం లాభం, పిల్లకి తెలిసే మాటల్లో చెప్పకపోయాక? సువార్తమ్మ ఆ సంగతి ఎత్తి, నీ మాటయితే వింటారు పెద్దమ్మా అనేసరికి పండమ్మ, ఏం చెప్పాలో చెప్పవే అందంట.

సరే, మొదలెట్టారు. కాయితం చదవమంటే చదువు రాదాయె. నీ కోడలికి చెప్పినట్టు చెప్పు పెద్దమ్మా అంది నర్సమ్మ. ఇంకేం, తిట్టడం మొదలెట్టింది. "ఏమే పిల్లా, పాదాలు పొంగినాయా? గాజులు బిగిసినాయా? తల పగిలిపోతందా? కళ్ళ ముందు మిణుగురులు ఎగరతన్నాయా? గాలి కాదే అది, దెయ్యం కాదే. పిల్ల పుట్టకముందే నిన్ను మింగే జబ్బే!" అని గడగడా చెప్పుకుపోయి, చివర్లో ఆగిపోయిందంట. నా కాడికి రాకండి, ఆసుపత్రికి పోండి అని చెప్పాల. పుట్టిన ప్రతి బిడ్డనీ తన చేత్తో అందుకున్న మనిషి, ఆ మాట తన నోటితో ఎట్టా అంటది? లేచి అరుగు మీదకి పోయి చుట్ట ముట్టించింది. చుట్టంతా కాలిందాకా నర్సమ్మ పిలవలేదంట. అప్పుడు పండమ్మ లోపలికొచ్చి, "పెట్టు" అంది. "నా కాడికి రామాక పిల్లా. నా చేతిలో దీనికి మందు లేదు. డోలీ కట్టించుకుని కిందకి దిగు." అది ఆ కొండకీ ఈ కొండకీ, పేరు కూడా తెలియని గూడేలకీ పోయిందంట, ఫోన్లల్లో.

ఇక వానాకాలం వచ్చింది. ఒకనాడు పొద్దున్నే గోగుబంద గూడెం నించి నలుగురు డోలీ మోసుకుని పండమ్మ గుమ్మం ముందు దించారు. అందులో చెల్లాయమ్మ అని, ఎనిమిదో నెల పిల్ల. మొహం అరిసె పొంగినట్టు పొంగింది. వాళ్ళత్త దండం పెట్టి, గాలి సోకింది పండమ్మా, పసరు పోసి నువ్వే చూడు, వాగు పొంగింది, ఆసుపత్రికి ఏం పోతాం అందంట. పండమ్మకి లోపల ఎంత సంబరమో అనుకో, ఇన్నాళ్ళకి నన్ను తలచుకుని వచ్చారని. చెయ్యి చాపింది. ఆ పిల్ల ఏం చేసిందంటే, ఓపిక లేకపోయినా ఫోన్ తీసి, అందులో దాచుకున్న మాట నొక్కింది. "నా కాడికి రామాక పిల్లా" అని పండమ్మ గొంతే పండమ్మని అరిచింది. ఆ పిల్ల అందంట కదా, "నేను చెప్తంటే మా అత్త వినట్లేదు పెద్దమ్మా. నువ్వు చెప్పు."

పండమ్మ చాపిన చెయ్యి అట్టాగే ఆగింది. కన్నమ్మ మొహం కళ్ళల్లో తిరిగిందంట. అంతే, కొంగు బిగించి, "ఎత్తండ్రా డోలీ! చూస్తారేంటి!" అని తనే ముందు నడిచింది. మిట్ట మీద సిగ్నల్ అందితే సువార్తమ్మకి ఫోన్ కొట్టించింది. ఆవిడ అంబులెన్సుని వాగు అవతలికి పిలిపించింది. ఇవతల నించి అవతలికి మోకు కట్టి, డోలీ నెత్తికెత్తుకుని, నడుం లోతు నీళ్ళల్లో దాటించారు. పండమ్మ కూడా దిగింది, ఆ వయసులో! ఆసుపత్రి మెట్ల మీదే ఫిట్సొచ్చినాయి. అయితే అక్కడ సూది ఉంది, డాక్టరమ్మ ఉంది. సాయంత్రానికి ఆడపిల్ల. పిల్లా బతికింది, తల్లీ బతికింది.

అసలు మాట ఇప్పుడు చెప్తా వినండి. తడి కోకతో వరండాలోకొచ్చి పండమ్మ, "మంచినీళ్ళు యాడుంటాయే ఇక్కడ?" అని కేకేసిందంట. అంతే. బెంచీల మీద, కింద చాపల మీద ఉన్న కొండ ఆడోళ్ళు, ఏ ఏ కొండల నించి వచ్చారో, ఆవిడ మొహం ఎన్నడూ చూడనోళ్ళు, ఒక్కసారి తిరిగి చూశారంట. ఒకామె పొట్ట పట్టుకుని లేచింది. "అమ్మో, ఇది మా ఫోన్లో అమ్మే" అంది. ఇంకొకామె, "నువ్వు తిట్టినావనే వచ్చా పెద్దమ్మా" అంది. నేనూ, నేనూ అని చుట్టూ మూగారు. సువార్తమ్మ నీళ్ళ చెంబు ఇస్తే, మా పండమ్మ తాగడం మర్చిపోయి దాన్ని పట్టుకుని నిలబడిందంట.

పేరేం పెట్టారంటారా? పండమ్మ అనే పెడతామన్నారు. ఆవిడ ఒప్పుకుంటేనా, కొండకి ఒక గయ్యాళి చాల్లే అందంట. గోగుబందోళ్ళు తక్కువోళ్ళా, ఊఁ అని తలూపి పండమ్మనే పెట్టేశారు. ఆ చిన్న పండమ్మ మొన్ననే బడికి పోయింది. పలక పట్టడం ఇంకా రాలేదు గానీ, పంతులమ్మని మాత్రం అప్పుడే దబాయిస్తందంట.