గోడంత బొమ్మకు స్లో ఫిలిం: త్రినాథరావు గారి భయం

1991 జులై ఎనిమిదవ తేదీన ఎల్బీనగర్‌లోని మన వారసత్వ చిత్రశాలలో సహాయ ఛాయాగ్రాహకులుగా చేరిన శ్రీ త్రినాథరావు గారు, ముప్పై నాలుగేళ్ల నిష్కళంక సేవానంతరం, ముఖ్య ఛాయాగ్రాహకులుగా ఈ నెలాఖరున పదవీ విరమణ చేస్తున్నారు.

కోనసీమ నుంచి వచ్చి దిల్‌సుఖ్‌నగర్‌లో స్థిరపడిన త్రినాథరావు గారిలో సహనం, కార్యదీక్ష పుష్కలం. ధైర్యం మాత్రం, పెద్దలు మన్నిస్తే చెబుతాను, బొత్తిగా తక్కువ. డార్క్‌రూమ్ గడియ వేసి మళ్లీ తడిమి చూసుకునేవారు. కడిగిన ఫిలిం ఆరేదాకా మంచినీళ్లైనా ముట్టేవారు కారు. "పోయిన బొమ్మ మళ్లీ రాదండీ" అనేవారు.

2004లో రోడ్డు వెడల్పు కోసం హయత్‌నగర్ దారిలోని ఒక పాత రాతి కమానును తొలగించబోతుండగా, దాన్ని గోడంత నలుపు తెలుపు చిత్రంగా నిలిపే బాధ్యత వారిపై పడింది. ఆ కమాను నీడన ఏళ్ల తరబడి జామపండ్లు అమ్మిన అండాలమ్మ కెమెరా ముందుకొచ్చి కూర్చుంది.

"నన్ను గూడ తియ్యి సారూ. గిది పోయినంక నేనేడ కూసున్ననో ఎవ్వలకెరుక?"

త్రినాథరావు గారు రెండు రకాల ఫిలిం డబ్బాలూ చేతిలోకి తీసుకుని తటపటాయించారు. ఫాస్ట్ ఫిలిం వేస్తే కెమెరా షట్టరు చిటికెలో మూసుకుంటుంది, ఆమె కాస్త కదిలినా చిత్రం వస్తుంది. కానీ గోడంత చేసేసరికి ఇసుక చల్లినట్టు రేణువులు లేచి ముఖాన్ని మింగేస్తాయి. స్లో ఫిలిం వేస్తే ప్రతి ముడతా నిలుస్తుంది. కానీ ఆ మబ్బు వెలుగులో షట్టరు చాలాసేపు తెరిచి ఉంచాలి. అండాలమ్మకేమో తల వణుకు. కూల్చే యంత్రం అప్పటికే ఎదురుగా గుర్రుమంటోంది.

"ఫాస్ట్‌ది ఏసెయ్యి సార్, ఎందుకు పరేషాన్?" అన్నాడు మన చిత్రశాల జీపు డ్రైవరు బాలమల్లు.

"వద్దయ్యా. గోడ మీద ఆవిడ మిగలదు."

స్లో ఫిలిమే ఎక్కించారు. వెళ్లి ఆమె తలను నెమ్మదిగా రాతికి ఆనించారు.

"ఊపిరి బిగబట్టమ్మా. నాకు భయంగా ఉంది."

"నాగ్గూడ భయమైతుంది బిడ్డా. జల్ది తియ్యి."

షట్టరు మూసుకున్న కాసేపటికే యంత్రం కదిలింది. చిన్న నెగటివ్‌లో కనబడని వణుకు పెద్ద ప్రింటులో బయటపడుతుందని తెలిసిన త్రినాథరావు గారికి, ప్రింటు చేతికొచ్చేదాకా అన్నం సహించలేదు. గోడకెక్కించాక కూడా, ఆమె చూసి ఏమంటుందోనన్న బెంగ వారిని వదలలేదు.

ప్రదర్శన రోజున బాలమల్లు ఆమెను జీపులో తీసుకొచ్చాడు. అండాలమ్మ గుమ్మంలోనే ఆగిపోయింది.

"నేనున్ననా సారూ?"

వారు చేత్తో గోడ వైపు చూపించారు. జామపండు పట్టుకున్న చెయ్యి పొగలా చెదిరింది. రాతికి ఆనిన ముఖం మాత్రం రెప్పవెంట్రుకలతో సహా నిలిచింది. ఆమె గోడ దగ్గరికి వెళ్లి చూసింది.

"ఉన్న," అని, ఆ గోడ కిందే చతికిలబడింది.

అంతమందిలోనూ త్రినాథరావు గారు వెక్కి వెక్కి ఏడ్చారు. ఆ మర్నాటి నుంచి యథాప్రకారం మళ్లీ భయపడసాగారు. వారి భయం పుణ్యమా అని మన గోడల మీద ఎందరో సామాన్యులు చెరిగిపోకుండా మిగిలారు.

ఇకనైనా వారు వేళకు భోంచేసి, కంటి నిండా నిద్రపోయి, సతీమణి శేషారత్నం గారితో కలిసి ఆయురారోగ్యాలతో నిండు నూరేళ్లు వర్ధిల్లాలని మనసారా కోరుకుంటున్నాము. వారి భయాన్ని మాత్రం మాకు వదిలి వెళ్లాలని సవినయంగా ప్రార్థిస్తున్నాము.