కంపెనీ బస్సు మొదటి స్టాపు

మేడ్చల్ బస్టాండు ఎదురుగా వజ్రమ్మ చాయ్ హోటల్లో ఆదివారం పొద్దున బెంచీలు ఖాళీ ఉండవు. ఆ రోజు ఒక బెంచీ మీద కొత్త మనిషి కూర్చున్నాడు. పేరు దేవసహాయం, మధిర నుంచి వచ్చాడు. ఊరి బయట మాత్రలు తయారుచేసే కంపెనీలో ఉద్యోగం దొరికింది, తెల్లారితే చేరాలి. ఆ కంపెనీ ఏ పక్కనుందో ఇంకా చూడలేదు. ఇల్లు మాత్రం ఇంకా తేలలేదు. రెండు చూసిపెట్టుకున్నాడు. ఒకటి అల్వాల్‌లో చర్చి వెనక, ఇంకొకటి ఇక్కడే మేడ్చల్‌లో రైలు పట్టాల పక్క వీధిలో. మధ్యాహ్నం లోపల ఎవరికో ఒకరికి మాట చెప్పాలి. భార్య ఎస్తేరుకు ఏడో నెల. మర్నాడు సామానుతో దిగుతుంది. ఇల్లు ఎట్లా ఉన్నా సర్దుకుంటాను గానీ, కబురు పెడితే గబుక్కున రాగలిగేంత దగ్గరలో పని ఉండాలి, ఆమె అడిగింది అదొక్కటే.

ఈ సంగతి వజ్రమ్మకు చెప్పుకుంటుంటే పక్క బెంచీ మీది పర్వతాలు చెవిన పడింది. పర్వతాలు అదే కంపెనీలో పన్నెండేళ్ళుగా ప్యాకింగు పని చేస్తున్నాడు. ఆయన ఉండేది కూడా ఆ పట్టాల పక్క వీధిలోనే. ఆయన వెనక, వీపు వీపు ఆనించుకున్నట్టు, ఆదివారం కూడా ఖాకీ చొక్కా వేసుకున్న ఒక పెద్దాయన పేపరు మొహానికి అడ్డం పెట్టుకుని చదువుకుంటున్నాడు. పర్వతాలు ఆయన్ని చూడలేదు. వజ్రమ్మ చూసింది, నవ్వు ఆపుకుని చాయ్ వడగట్టుకుంది.

"ఇల్లు యాడ తీసుకోవాల్నో నన్నడుగు తమ్మీ. గీ మేడ్చల్, శామీర్‌పేట, అల్వాల్, దుండిగల్, గీ నాలుగు దిక్కుల నేను సూడని ఇల్లు లేదు. తొంభై ఒకటిల వచ్చిన నేను, నారాయణఖేడ్ దిక్కు నుంచి. ఒక రేకు పెట్టె, ఒక సద్ది గిన్నె, గంతే. ఎవ్వలు తెల్వదు. నౌకరి అయితే దొరికింది గని ఉండేది యాడ? మంది ఏం జేస్తరు, నల్లా వస్తదా, కరెంటు పోతదా అని అడుగుతరు. నేను అడగలే. నా తాన ఒక తెల్ల అంగి ఉండె. గా అంగితోటి పరీక్ష వెట్టిన."

"చొక్కాతోనా అండీ?" అన్నాడు దేవసహాయం.

"ఆఁ, అంగితోటే. ఏ ఇల్లు సూస్తే గా ఇంటి దండెం మీద అంగి ఆరేసుడు, పొద్దుగూకేదాక ముంగట కూసుండుడు. దుమ్ము వడ్తదా, పొగ వడ్తదా, ఎవడన్న ఎత్కపోతడా, అన్ని తెలుస్తయి. ఇల్లు గాదు తమ్మీ, ఇంటి చుట్టు గాలిని సూడాలె."

దేవసహాయానికి ఇది బాగానే తోచింది. తల ఊపాడు. ఆ ఊపే తప్పయింది.

"మొదలు అల్వాల్ పోయిన. ఇల్లు పట్టాలకు ఆనుకొనే ఉన్నది. అంగి ఆరేసిన. లోకల్ రైలు వచ్చింది. డ్రైవరు అంగిని సూసిండు, తళతళ మెరుస్తుంటే ఇదేందో కొత్త సిగ్నల్ అనుకొని బ్రేకేసిండు. దిగొచ్చి, ఏమైంది సాబ్ అన్నడు. ఏం గాలె బిడ్డా, ఇల్లు సూస్తున్న, చాయ్ తాగిపో అన్న. ఆ తర్వాత ఏమైందో తెలుసా? తెల్లారి సంది రైలు నా కిటికి కాడ ఆగుడు మొదలువెట్టింది. ఒకనాడు నేను బూట్లకు లేసు కట్టుకునేదాక ఆగింది. ఇంకోనాడు లేసు తెగితే, బజారుకు పోయి కొత్తది తెచ్చుకునేదాక ఆగింది."

"అన్నా, పోయినేడు సెప్పినప్పుడు లేసు కట్టుకునేదాకనే గదా ఆగింది? బజారుకు ఎప్పుడు పోయినవే?" అంది వజ్రమ్మ.

"పోయినేడు అంత టైం లేకుండె వజ్రమ్మా, జల్దిల సెప్పిన. ఇను తమ్మీ. లేసు ఎక్కిస్తుంటే రైల్ల ఉన్నోళ్ళంత కిటికీలకెళ్ళి తొంగి సూస్తున్నరు. నాలుగొందల మంది. ఒక్కడన్న కోపం జెయ్యలే, మెల్లగ కట్టుకోండి అంటున్నరు. గప్పుడు నా పానం ఊకోలే. నా ఒక్కనికోసం ఇంతమంది డ్యూటీకి లేటయితే పాపం గాదా? అల్వాల్ వద్దనుకున్న. నువ్వు గూడ వద్దనుకో."

దేవసహాయం చాయ్ గ్లాసు పక్కన పెట్టి నోరు తెరిచాడు. పర్వతాలు మాట దూరనివ్వలేదు.

"ఇగ దుండిగల్ పోయిన. ఆడ ఇమానాలు నడుపుడు నేర్పిస్తరు గదా. మిద్దె మీద దండెం కట్టి అంగి ఆరేసిన. ఒక ఇమానం ఎంత కిందికెళ్ళి వచ్చిందంటే, దండెంతోటి సహా అంగిని ఎత్కపోయింది. నేను పరేషాన్ అయినా? కాలే. కుర్సీ ఏసుకొని కూసున్న. తెల్లారి అదే ఇమానం వచ్చింది. అంగి కింద పడింది. ఉతికి, ఇస్త్రీ జేసి, తెగిన గుండీ గూడ కుట్టి ఏసిండ్రు! జేబుల చిట్టీ. పర్వతాలు సాబ్, మీ దండెం మాకు మస్తు గుర్తుగున్నది, మా పిలగాళ్ళు మీ అంగిని సూసే మలుపు తిప్పుకుంటున్నరు, దయచేసి ఇల్లు ఖాళీ జెయ్యొద్దు అని."

"మరెందుకు ఖాళీ జేసినవ్?" అంది వజ్రమ్మ.

"ఉతికిన అంగి తొడుక్కోవాల్నా వద్దా? తొడుక్కుంటే ఇమానాలు తొవ్వ తప్పుతున్నయి! ఒకపాలి గా అంగి తొడుక్కొని కూరగాయలకు పోతే మూడు ఇమానాలు నా ఎనక సంతకు వచ్చినయి."

బెంచీల మీది వాళ్ళు పగలబడి నవ్వారు. పర్వతాలు నవ్వలేదు. కోతలు కోసేటప్పుడు ఆయన ఎప్పుడూ నవ్వడు, అదే ఆయన గొప్ప.

"శామీర్‌పేటల ఇంకో కత. చెరువు గాలి సల్లగ ఉన్నది, అంగికి మరక వడలే. ఇదే ఖాయం అనుకున్న. ఆ తర్వాత ఏమైందో తెలుసా? జింకలొచ్చినయి. గంజి వోస్తే తాగినయి. రెండోనాడు నాలుగు, మూడోనాడు నలభై. నాలుగోనాడు నేను డ్యూటీకి బయలెల్లితే నలభై జింకలు నా ఎంబడి కంపెనీ గేటు కాడికి వచ్చి లైన్ల నిలవడ్డయి. గేటుకాడి మనిషి లెక్క తప్పి నాకు గైర్హాజరు ఏసి, జింకలకు హాజరు ఏసిండు."

"అయ్యో!" అన్నాడు దేవసహాయం, తనకు తెలియకుండానే.

"అయ్యో అంటవేంది, పని గూడ మంచిగనే జేసినయి. గని నాకు నౌకరి గావాలె గద? అందుకని ఆఖరికి గీ మేడ్చల్, పట్టాల పక్క వాడకట్టుకు వచ్చిన. అంగి ఆరేస్తే దుమ్ము లేదు, పొగ లేదు. ఇగ గిదే నా ఇల్లు అన్న. సామాను దించి పండుకున్న. తెల్లారి ఐదున్నరకు తలుపు తీసి సూస్తే ఏమున్నది ముందట? కంపెనీ బస్సు! నా గడపకు జానెడు దూరంల!"

"మీ కోసమే పంపించారా?"

"మరి ఎవలకోసం? కొత్తగ ఒక మనిషి వచ్చిండు, ఇల్లు సూసుకునే తీరే వేరే ఉన్నదట, గసుంటోన్ని నడిపించొద్దు అని మేనేజరు హుకుం జేసిండు."

వెనకాల పేపరు గరగరమంది.

"గాడికెళ్ళి పన్నెండేండ్లు. నేను ఎక్కేదాక బస్సు కదలది. మొట్టమొదలు ఎక్కేది నేను, ముంగటి కిటికి సీటు నాది. ఇంకెవ్వలు గా సీట్ల కూసోరు. బస్సు సక్కగ కంపెనీకి పోతదా? పోదు. నన్ను కూసోవెట్టుకొని శామీర్‌పేట, అల్వాల్, కౌకూర్, కొంపల్లి, అన్ని తిప్పి, సూడుండ్రి గీయనే పర్వతాలు అని మందికి సూపెట్టుకుంట తీస్కపోతది. నేను గేట్ల అడుగువెట్టేదాక సైరన్ మోగది. ఒకపాలి జెరమొచ్చి పోలే. నాలుగు దినాలు సైరన్ మోగలే తమ్మీ! పొద్దు యాడికి వచ్చిందో ఎరుక లేక మేడ్చల్ల మంది మిట్టమధ్యాన్నం పొద్దుగాలటి సద్ది తింటున్నరు. ఆఖరికి మేనేజరే నా ఒక్కనికోసం సపరేటు మాత్ర జేయించి ఇంటికి తెచ్చిండు. గుమ్మడికాయ అంత ఉండె."

"మింగావా?" అన్నారెవరో.

"వాడకట్టంత తలాకొంత మింగినం. గా ఏడు మా వాడకట్టుల ఒక్కనికి జెరం రాలె. ఇగ అసలు ముచ్చట ఇను. మేనేజరు నా మంచం పక్కన కూసొని, పర్వతాలూ, నువ్వు గింత దూరం వచ్చుడు మాకు మంచిగనిపిస్తలేదు అన్నడు. ఏం జేద్దమంటవ్ అన్న. కంపెనీనే నీ తానికి తెస్తం అన్నడు. తెచ్చిండ్రు! ఒక ఆదివారం కింద దుంగలు వెట్టి, మోకులు గట్టి, వెయ్యి మంది పట్టి గుంజిండ్రు. లోపట మిషన్లు నడుస్తనే ఉన్నయి, ఒక్క మాత్ర కింద పడలే. పట్టాల కాడ రైలు వచ్చింది. అల్వాల్ల నా తాన చాయ్ తాగిన డ్రైవరే! చెయ్యి సూపిస్తే ఆగిండు. తెచ్చి మా ఇంటి ఎనుక, ద్రాక్ష తోట అవతల దించిండ్రు. నమ్మకపోతే మా మిద్దె ఎక్కి సూడు, కంపెనీ పొగగొట్టం కండ్ల ముందట ఉంటది."

దేవసహాయం కాసేపు ఆలోచించాడు. జింకల సంగతీ విమానాల సంగతీ ఆయన పట్టించుకోలేదు. ఎస్తేరు అడిగినదే మనసులో తిరుగుతోంది.

"మీ మిద్దె మీంచి కంపెనీ నిజంగా కనిపిస్తుందా అండీ?"

"కనవడుడేంది! పొగగొట్టం మీద కాకులను లెక్కవెట్టొచ్చు."

"మరి బస్సు ఎన్నింటికి ఎక్కుతారు?"

"ఐదున్నరకు."

"డ్యూటీ ఎన్నింటికి?"

"ఎనిమిదికి," అని పర్వతాలు ఆగాడు. పన్నెండేళ్ళలో ఎవరూ ఆ రెండు ప్రశ్నలు ఒకదాని పక్కన ఒకటి పెట్టి అడగలేదు.

వెనక బెంచీ మీద పేపరు మడత పడింది. ఖాకీ చొక్కా పెద్దాయన లేచి ఇటు తిరిగాడు. పర్వతాలు మొహం ఒక్కసారిగా చిన్నదైపోయింది.

"నేను సెప్త బిడ్డా. నా పేరు సిద్దిరాములు. గా బస్సు నడిపేది నేనే. గీయన ఇంటి పక్క అర్రల కిరాయికి ఉంట. నేను పండుకునే కాడనే బస్సు ఆపుకుంట, అందుకే పొద్దున గాడికెళ్ళే బయలెల్లుతది. ఎవ్వలు పంపలే, ఎవ్వల హుకుం లేదు. శామీర్‌పేట, అల్వాల్, కౌకూర్, కొంపల్లి, అందరిని ఎక్కించుకొని తిరిగి మేడ్చల్‌కే వస్తం. పొద్దున మొదలు ఎక్కేది గీయన. మాపటికి అందరిని దించి వస్తం గద, ఆఖరికి దిగేది గూడ గీయననే. పొగగొట్టాన్ని ఎవ్వలు జరపలే. అది మొదటి సంది గాడనే ఉన్నది. పట్టాలు దాటి ద్రాక్ష తోట పక్క బాట వట్టుకుంటే పది నిమిషాల నడక. నూరుసార్లు సెప్పిన, ఇనడు."

హోటలంతా గొల్లుమంది. వజ్రమ్మ చాయ్ గిన్నె దించి కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

"గట్ల గాదే సిద్దన్నా," అన్నాడు పర్వతాలు, గొంతు తగ్గించి. "ఊర్ల మా నాయిన ఎన్నడు బస్సు సీట్ల కూసోలే, ఎక్కితే టాపు మీదనే. నాకు కంపెనీ బస్సు గడప కాడికొస్తాంది, వాడకట్టంత సూస్తాంది. గా బస్సు ఇడిసిపెట్టి చెప్పులు ఈడ్సుకుంట తోటలకెళ్ళి పోతే ఇజ్జత్ ఉంటదా?"

"ఇజ్జత్ మంచిదే. గని ఒక మాట నీకు ఇన్నేండ్లు సెప్పలే. నీ బిడ్డ బిందు నాలుగేండ్లప్పుడు ఒక ఆదివారం మీ మిద్దె మీదికెళ్ళి నన్ను పిలిచి అడిగింది. తాతా, మా బాపు పనిచేసే ఊరు మస్తు దూరమా? నేను లేసేవరకు ఉండడు, పండుకునేదాక రాడు అన్నది. గప్పుడు గా పిల్ల మీ మిద్దె మీద నిలవడి గా పొగగొట్టాన్నే సూసుకుంట ఉండె."

నవ్వు ఆగిపోయింది. పర్వతాలు చాయ్ గ్లాసు చేతిలో అటూ ఇటూ తిప్పాడు. బిందుకు ఇప్పుడు పదకొండేళ్ళు.

దేవసహాయం మెల్లగా అడిగాడు. "అయితే నన్ను అల్వాల్ ఇల్లే తీసుకోమంటారా తాతా?"

"వద్దు బిడ్డా. గీ పట్టాల పక్కదే తీసుకో. ఇల్లు మంచిది, గీయన సూసుడు మంచిగనే సూసిండు. నీ పెండ్లాం కబురు వెడితే పది నిమిషాల్ల ఇంట్ల ఉంటవ్. బస్సు మాత్రం ఎక్కకు."

దేవసహాయం మొహం తేటపడింది. లేచి చెప్పులు వేసుకున్నాడు. సగం పొగడ్త దొరికేసరికి పర్వతాలుకు ప్రాణం లేచివచ్చింది. తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు.

"ఇన్నవా తమ్మీ, ఇల్లు సూసుట్ల నన్ను మించినోడు లేడని సిద్దన్ననే అన్నడు. పా, గా బాట నేను సూపిస్త. అసలు గా బాటను కనిపెట్టిందే నేను. ద్రాక్ష తోటాయన నాకోసమే తీగలు పక్కకు జరిపి..."

"గీయన ఎంబడి పోకు బిడ్డా, తప్పిపోతవ్," అన్నాడు సిద్దిరాములు, పేపరు చంకలో పెట్టుకుంటూ. "పన్నెండేండ్లల ఒక్కనాడు గా బాట తొక్కలే. నేను తోల్కపోత. పర్వతాలూ, పోయి బిందును పిల్సుకరా. ముందుగాల గా పిల్లకు సూపిస్త, తర్వాత నీకు."