సలోమేకి నేను చెప్పిన మాట

కోడిని తెచ్చి ఇచ్చారు అయ్యగారూ. బతికున్న కోడి, కాళ్ళు కట్టేసి మరీ. నిన్న ఆరాధన అయిపోయాక నా వరండాలో పెట్టి, పాట పాడుకుంటూ వెళ్ళిపోయారు. గుడి నిండా జనం. అంతమందిలో ఒక్కరంటే ఒక్కరు, "ఏం పాస్టరమ్మా, మొహం అలా ఉందేంటి" అని అడగలేదు.

ఒక్కదాన్ని. ఆ కోడిని ఏం చేసుకోను చెప్పండి. కోసుకుంటే మూడు రోజులు అదే తినాలి.

కాస్త తల ఇటు తిప్పండి. దిండు జారిపోయింది. మీ కోడలు మిల్కా మొక్కజొన్నలు పట్టించుకురావడానికి పిండి మరకి వెళ్ళింది. సోమవారం అక్కడ ఎంత జనం ఉంటారో మీకు తెలుసుగా. అందాకా గంజి నేనే తాగిస్తాను. కొంచెం కొంచెంగా మింగండి. తొందరేం లేదు, నాకెవరూ ఎదురుచూసేవాళ్ళు లేరు.

మీకు నోరు పడిపోయి రెండేళ్ళయింది కదా. చెవులు బాగానే ఉన్నాయి. అందుకే వస్తాను, నిజం చెప్పాలంటే. ఊళ్ళో ప్రతివాళ్ళూ నా దగ్గరికొచ్చి తలుపేసి మాట్లాడతారు. నేను ఎవరింటికెళ్ళి తలుపేసుకోను? ఆడవాళ్ళు గురువు కాకూడదని బిషప్ గారితో గంటసేపు వాదించిన మనిషి మీరు. ఇవాళ నాకు మీరే మిగిలారు. నవ్వకండి. ఆ ఎడమ పెదవి కదిలితే నవ్వేనని నాకు తెలుసు.

మన సంఘ పెద్ద సాదోకు నా మీద పెట్టిన పితూరీ మీదాకా వచ్చిందా? రాకుండా ఎలా ఉంటుంది. బిషప్ గారికి కాగితం రాశాడు, పదకొండు సంతకాలతో. ఈ పాస్టరమ్మ బుధవారం బుధవారం ఆడవాళ్ళని గుడి వెనక గదిలో కూర్చోబెడుతోంది, రక్తం చూపించుకోమంటోంది, మొగుడు చూపించుకోనంటే పక్క వేరు చెయ్యమంటోంది, నోటితో అనకూడని తొడుగుల సంగతి దేవుడి గదిలో మాట్లాడుతోంది అని.

పడవల రేవులో ఇంకో ముక్క కూడా అన్నాడట. "ఆవిడకి మొగుడు లేడు, అందుకని మనకి పెళ్ళాలుండకూడదంటోంది" అని. దానికి అందరూ నవ్వారట.

నవ్వనీండి. నేను విననిదా? కొత్తగా వచ్చినవాళ్ళు పాస్టరమ్మ అంటే పాస్టరుగారి భార్య అనుకుని, "మరి పాస్టరుగారేరీ" అని నా వెనక చూస్తారు. అలవాటైపోయింది. తొమ్మిదేళ్ళ కిందట బుధవారాలు మొదలుపెట్టినప్పుడు ముగ్గురొచ్చారు, తలగుడ్డలు ముక్కుదాకా లాక్కుని. డిస్పెన్సరీకి ఒక్కొక్కరినీ నా మోటార్‌సైకిలు మీద దించేదాన్ని. దారిలో మగవాళ్ళు, "అదిగో శవాల బండి వస్తోంది, పక్కకి తప్పుకోండి" అనేవాళ్ళు. ఆ బండెక్కినవాళ్ళలో చాలామంది ఇవాళ పొలంలో కలుపు తీస్తున్నారు. ఇప్పుడు అరవైమంది వస్తున్నారు. కొందరు మొగుళ్ళని కూడా లాక్కొస్తున్నారు.

సరే, ఆ కాగితం వెళ్ళింది. బిషప్ గారు ఈ శుక్రవారం విచారణకొస్తానన్నారు. నన్ను ఉత్తరాన ఆ ఎండు నేలలకి పంపేస్తారని ఊరంతా అనుకున్నారు. నేనూ అదే అనుకున్నాను. బట్టలు కూడా ఒక పెట్టెలో సర్దాను. గదికి తాళం వేస్తారు, అంతే. ఆ అరవైమందీ మళ్ళీ తలగుడ్డలు ముక్కుదాకా లాక్కుంటారు.

ఇంకో చెంచా. మీరు తినకపోతే మిల్కా నన్నే అంటుంది.

తబిత గుర్తుందా? సలోమే కూతురు. చేపల లారీ నడిపిన ఒచొలా కూతురు. వాళ్ళమ్మ పోయేనాటికి పదమూడేళ్ళ పిల్ల. ఆ తబిత మూడేళ్ళ కిందట కడుపుతో నా దగ్గరికొచ్చింది. రక్తం చూపిస్తే హెచ్‌ఐవీ ఉందని తేలింది. తలుపు దగ్గరే కూలబడిపోయింది. "మా అమ్మలాగే పోతాను కదా" అంది. "పోవు, లే" అన్నాను. మందులు మొదలుపెట్టించాను. కాన్పు నా బండి మీద తీసుకెళ్ళి ఆసుపత్రిలోనే చేయించాను. ఆడపిల్ల. పోయిన నెల పిల్లకి ఆఖరి పరీక్ష చేశారు. లేదు. పిల్ల ఒంట్లో ఏమీ లేదు. ఆ కాగితం పట్టుకుని తబితా నేనూ డిస్పెన్సరీ గేటు దగ్గర నిలబడి ఎంతసేపు ఏడ్చామో, కాపలావాడు మంచినీళ్ళు తెచ్చిచ్చాడు.

నిన్న ఆ పిల్లకే బాప్తిస్మం. తబిత సాక్ష్యం చెప్తానంది.

దానికి ముందు గురువారం, పిల్లని వీపున కట్టుకుని మా ఇంటికొచ్చింది. నేను చిక్కుడు గింజలు ఏరుతున్నాను. తనూ కూర్చుని ఏరడం మొదలుపెట్టింది. కాసేపయ్యాక అడిగింది.

"పాస్టరమ్మా, మా అమ్మ మంచంలో ఉన్నప్పుడు ఒక మాట అంటుండేది. 'నేను యునీకేని అడిగాను' అని. పదేపదే అనేది. ఏం అడిగింది మిమ్మల్ని? మీరేం చెప్పారు?"

చెప్పాను. ఏదో చెప్పాను. అది ఆదివారం గుడిలో మళ్ళీ నా చెవుల్తో విన్నాను.

పిల్లని చంకనేసుకుని, అంతమంది ముందు నిలబడి చెప్పింది. "పదిహేనేళ్ళ కిందట, ఈ జబ్బు పేరు ఎవరూ పైకి అనని రోజుల్లో, మా అమ్మ వెళ్ళి మన పాస్టరమ్మని అడిగింది. మీ ఆయన్ని పెద్దాసుపత్రిలో చూపించు, అందాకా వేరే పడుకో అని పాస్టరమ్మ చెప్పింది. మా అమ్మ వినలేదు. పోయింది. అదే మనిషి నాకు అదే మాట చెప్పింది. నేను విన్నాను. అందుకే నేనున్నాను, ఇది ఉంది" అని పిల్లని పైకెత్తింది.

గుడంతా ఏడ్చింది. సాదోకు లేచి నిలబడ్డాడు. నేను ఇంకేదో అంటాడనుకున్నాను. టోపీ చేతిలో నలుపుకుంటూ, "ఆ రోజుల్లోనే చెప్పిన మనిషి మీద నేను కాగితం రాశాను. తప్పయిపోయింది. బిషప్ గారికి నేనే ఫోన్ చేసి చెప్తాను" అన్నాడు. చేశాడు కూడా. శుక్రవారం విచారణ లేదు. ఆ కోడి ఆయనదే.

ఎందుకలా చూస్తున్నారు?

అలా చూడకండి. మీకు తెలుసు. ఆవేళ మీరక్కడే ఉన్నారు. ఈ లోకంలో అది తెలిసినవాళ్ళు ఇద్దరమే మిగిలాం, మీరూ నేనూ. అందులో ఒకరికి నోరు లేదు.

నాకు అప్పుడు ఇరవయ్యారేళ్ళు. మీ కింద శిక్షణకి డీకన్‌గా వచ్చి ఆరు నెలలు. వాన పడుతోంది. గుడి పక్క గదిలో మీరు బల్ల దగ్గర కూర్చుని ఏదో రాసుకుంటున్నారు. సలోమే తడిసిపోయి వచ్చింది. మీరు బయటికెళ్తారేమోనని కాసేపు గుమ్మంలోనే నిలబడింది. మీరు కదల్లేదు. ఇక తప్పక అడిగింది. నన్నే అడిగింది, ఆడదాన్ని కదా అని.

"చెల్లీ, ఆయన ఒంటి మీద మచ్చలొచ్చాయి. లారీవాళ్ళు వరసగా చచ్చిపోతున్నారంటున్నారు. ఈసారి ఇంటికొచ్చినప్పుడు నేను వద్దనొచ్చా? దేవుడు ఒప్పుకుంటాడా?"

నేను మీ వైపు చూశాను. మీరు కలం ఆపి నా వైపు చూస్తున్నారు. పరీక్ష పెట్టినట్టు.

"పెళ్ళినాడు ఏమని ప్రమాణం చేశావు సలోమే" అన్నాను. "నీ ఒళ్ళు ఇప్పుడు నీ ఒక్కదానిదీ కాదు. ఇంటికెళ్ళు. ప్రార్థన చేసుకో. దేవుడు చూసుకుంటాడు" అన్నాను.

ఆవిడ వాదించలేదు. "సరే చెల్లీ" అంది. తడి గుడ్డ నడుముకి గట్టిగా బిగించుకుని, వానలోనే వెళ్ళిపోయింది. ముందు ఒచొలా పోయాడు. ఆ తర్వాత ఏడాదికి సలోమే.

ఆవిడ వెళ్ళాక మీరు, "బాగా చెప్పావమ్మా" అన్నారు. మీరు నన్ను మెచ్చుకున్నది మొత్తం మీద ఆ ఒక్కసారే. నేను ఆ రోజంతా ఎంత సంతోషంగా ఉన్నానో తెలుసా? సాయంత్రం చెరకు ముక్క కొరుక్కుంటూ సరస్సు గట్టున నడిచాను. నేనూ గురువునయ్యాననుకున్నాను.

సలోమేని పాతిపెట్టిన రోజు కూడా నా మాట తప్పని నాకు తోచలేదు. కొన్నేళ్ళ తర్వాత, నాతో చదువుకున్న ఇద్దరు అదే జబ్బుతో పోయాక తోచింది. అప్పుడే ఈ బుధవారాలు మొదలుపెట్టాను. ఎందుకు మొదలుపెట్టానో ఎవరికీ చెప్పలేదు. అడిగినవాళ్ళకి దేవుడు పిలిచాడన్నాను. దేవుడు కాదు, ఆ "సరే చెల్లీ" పిలిచింది.

గురువారం నాడు ఆ పిల్లకి నిజం చెబ్దామనే నోరు తెరిచాను. ఒట్టు. నోట్లోంచి ఇంకోటి వచ్చింది. పోనీ అబద్ధం అక్కడితో ఆగినా బాగుండేది. "మరి అమ్మ వినలేదా" అని తబిత అడగనే లేదు. నేనే అన్నాను. "వినలేదమ్మా" అని. నా అంతట నేనే.

విన్న మనిషిని పట్టుకుని వినలేదన్నాను. చెప్పింది చెప్పినట్టు చేసి చచ్చిపోయిన మనిషిని. నిన్న గుడి బయట ఆడవాళ్ళు అనుకుంటున్నారు, "పాపం, సలోమే ఒట్టి మొండిదట" అని. నేను వాళ్ళ పక్కనుంచే నడిచి వెళ్ళాను.

ఇప్పుడు నిజం చెప్తే ఏమవుతుందో మీకూ తెలుసు. సాదోకు మళ్ళీ కాగితం అందుకుంటాడు, ఈసారి నూట పదకొండు సంతకాలుంటాయి. ఆ గదికి తాళం పడుతుంది. అరవైమంది. వాళ్ళ కోసమే ఊరుకున్నానని రాత్రంతా నాకు నేను చెప్పుకున్నాను. కొంత నిజమే. మిగతాది, ఆ పిల్ల నన్ను చూసినట్టు ఇంతవరకూ నన్నెవరూ చూడలేదు అయ్యగారూ. అది పోగొట్టుకోలేకపోయాను. అంతే.

కళ్ళు మూసుకున్నారు. మూసుకోండి. ఒక్కటి మిగిలింది, అదీ విని పడుకోండి.

ఇందాక ఇక్కడికి బయల్దేరుతుంటే తబిత ఎదురొచ్చింది. రోడ్డు పక్కకి పిలిచి, "అమ్మ మీద కోపం పోవడం లేదు పాస్టరమ్మా" అంది. "చెప్పినప్పుడు విని ఉంటే నాకు అమ్మ ఉండేది కదా. నిన్న రాత్రి నుంచీ ఇదే. నా కోసం ప్రార్థన చెయ్యండి" అని మోకాళ్ళ మీద కూర్చుంది, ఆ దుమ్ములోనే.

తల మీద చెయ్యి పెట్టాను. తల్లిని క్షమించే మనసు ఈ బిడ్డకి దయచెయ్యమని ప్రార్థన చేశాను. ఆమెన్ కూడా అన్నాను.