ఆరు సీసాలు

ఒమాన్‌లోని సోహార్ లేబర్ క్యాంపు మెస్ బయట, ఎండదెబ్బ మీద సర్వే చేసిన నర్సు మళ్లీ కనబడేసరికి భూమయ్య తింటున్న పళ్లెం పక్కన పెట్టాడు.

"పోయిన ఎండాకాలం మేమిచ్చిన కాయితాలు, రూమ్‌లో అందరివీ మీరే రాశారంట?"

"రాసుడు వచ్చినోణ్ని నేనొక్కణ్నే బిడ్డా. రోజుకు ఎన్ని నీళ్లు తాగిండ్రని అడిగితిరి. అందరికీ ఆరు సీసాలు రాసిన."

"మీరు ఆరు తాగేవారా?"

"రెండు. ఎక్కువ తాగితే బాత్రూమ్‌కు బిల్డింగు పైనుంచి దిగాలె. దిగి ఎక్కేసరికి ఫోర్‌మన్ మొకం మాడ్చుకుంటడు."

"మరి ఆరెందుకు రాశారు?"

"ఆరు తాగాలని మీరే చెప్పిండ్రు కదా. తక్కువ రాస్తే తప్పయితదనుకున్న."

"అవి చూసే, ఈ సైట్‌లో అందరూ సరిపడా నీళ్లు తాగుతున్నారని రిపోర్టు రాశాం. దగ్గర్లో బాత్రూమ్ కట్టమని అడగనేలేదు."

"ఆ కాయితాలు ఇటియ్యి బిడ్డా, దిద్ది ఇస్త."

"రిపోర్టు అచ్చయిపోయిందండీ. నేనొచ్చింది మీ రూమ్‌లో ఉండే జితేందర్ గురించి. అతని కిడ్నీలు పాడయ్యాయి, డాక్టరు అడుగుతున్నారు. నిజంగా ఎన్ని తాగేవాడు?"

భూమయ్య చాలాసేపు చేతులు తుడుచుకున్నాడు.

"నా పక్క మంచమే వానిది. నాలుగు నెలలు వాని పేరు మీద ఆరని రాసిన. ఒక్కనాడన్న వాణ్ని అడగలే."