కూత నేర్చిన బొప్పాయి

శనివారం పొద్దున ఆరున్నరకు రుఫీనా కబనిల్లా, అన్నం కుక్కర్‌కు ఆనించి పెట్టిన చిన్న గాజు సీసాను తీసి, దాని చుట్టూ ఉన్న వెండికాగితం విప్పకుండానే గౌను జేబులో వేసుకుంది. చెప్పులు తొడుక్కుని పక్క తోటలోని మెల్కోర్ దుమ్లావో ఇంటికి బయల్దేరింది.

సీసాలో మందు నీళ్లున్నాయి. మెల్కోర్ నిన్న కంచె మీదుగా అందించిన బొప్పాయి పండులోని గింజలు, నల్లతొక్క ఒలిచినవి, రాత్రంతా అందులో నానాయి. గింజ తెల్లగానే ఉంటే పాత రకం. నీలంగా మారితే యూనివర్సిటీ వాళ్లు జన్యువు మార్చి ఇచ్చిన కొత్త రకం. వెచ్చగా ఉంచమనీ, ఏడింటికి గాని విప్పి చూడొద్దనీ జపాన్ పండ్లను పరీక్షించే తనిఖీ ఆయన సీసా ఇచ్చేటప్పుడు మరీమరీ చెప్పాడు.

ఈ దీవిలో పహోవా ఊరి చుట్టుపక్కల లావా రాళ్ల నేలలో బొప్పాయి వేసేవాళ్లకు ఈ నీలం సంగతి చెప్పనక్కర్లేదు. ఉంగరాల తెగులు తోటలకు తోటల్నే తినేసినప్పుడు చాలామందిని ఒడ్డున పడేసింది ఆ కొత్త విత్తనమే. అయితే అప్పటికింకా జపాన్ వాళ్లు దాన్ని ముట్టేవాళ్లు కాదు. రుఫీనా తెగులు పట్టిన చెట్టునల్లా నరుక్కుంటూ, మళ్లీ నాటుకుంటూ పాత రకాన్నే నిలబెట్టుకుంది. ఆమె కాయంతా జపాన్‌కే పోయేది. వచ్చేవారం ఆమె తోటకు తనిఖీ. కంచె అవతల మెల్కోర్ కొత్త రకం వేసి ఉంటే, దాని పుప్పొడి ఇటు వచ్చి ఉంటే, జపాన్ దారి మూసుకుపోతుంది.

మెల్కోర్‌నే అడిగితే పోలా అంటారు. వాన పడుతోందా అని అడిగితే తుఫానును తానే వెనక్కి పంపానని చెప్పే మనిషి అతను. ఇన్నేళ్లుగా అతని కోతలు విని రుఫీనా హాయిగా నవ్వుకుంది. ఈ ఒక్కరోజు మాత్రం అతను చెప్పేదంతా అబద్ధమే కావాలని దేవుడికి మొక్కుకుంటూ మెట్లెక్కింది.

మెల్కోర్ వరండాలో అప్పటికే సభ కూర్చుంది. హైవే అవతల తోట ఉన్న ముసలి తాసియో, ప్రతి శనివారంలాగే తన తోట పండ్లు తెచ్చి కోస్తున్నాడు. అతనిది కొత్త రకమే, దాచుకున్నదేమీ లేదు. పండ్లు హిలో రేవుకు చేరవేసే లారీ డ్రైవర్ ఇకైకా కాఫీ తాగుతున్నాడు. తినేవాళ్లంతా గింజలు పిట్టగోడ మీదుగా కిందికి ఉమ్మడం ఆ వరండా ఆచారం. కింద, దానంతట అదే మొలిచిన ఓ బొప్పాయి చెట్టుకు మెల్కోర్ పందెం పుంజు కట్టేసి ఉంది. ఎర్రపుంజు. దాని పేరు కపితాన్.

"మెల్కోరన్నా," అంది రుఫీనా కూర్చోకుండానే, "ఒక్క మాట సూటిగా చెప్పు. కంచె వెంబడి నువ్వు వేసినవి ఏ చెట్లు?"

మెల్కోర్ కాఫీ కప్పు కింద పెట్టాడు. అతను కప్పు కింద పెట్టాడంటే ఇక అరగంట ఎవరూ లేవరు.

"కూర్చో అమ్మాయ్. సూటిగానే చెబుతా. తెగులొచ్చిన ఏడు మీరంతా తలలు పట్టుక్కూర్చున్నారా, నేను మాత్రం గారేజీలో కూర్చుని ఒక్క గింజ బాగుచేసుకున్నాను. ఒకే ఒక్క గింజ. గొప్పలు చెప్పుకోవడం నాకు చేతకాదు."

"చేతకాదు, చేతకాదు," అన్నాడు తాసియో పండు కోస్తూ.

"యూనివర్సిటీ వాళ్లేం చేశారు? తెగులు చొక్కాలోంచి ఓ పీలిక కత్తిరించి చెట్టుకు తొడిగారు. తెగులొచ్చి చూసి, ఓహో మనవాళ్లే అనుకుని వెళ్లిపోతుంది. అది పిరికివాళ్ల పద్ధతి. నేనేమనుకున్నానంటే, దాక్కోవడమెందుకు, పోట్లాడే జన్యువే పెట్టేద్దాం. మరి ఈ దీవిలో పోట్లాటంటే ఎవరి పేరు చెబుతారు?"

కింద కపితాన్ కూసింది.

"చూశావా, పేరెత్తకముందే. దాని రెక్క కింద ఒక్క చుక్క నెత్తురు తీశా."

"గింజలోకి ఎలా ఎక్కించావన్నా?" అన్నాడు ఇకైకా.

"తుపాకీతో. అడవిపందుల్ని కొట్టే తుపాకీతో. నవ్వకు తమ్ముడూ, వాళ్లూ తుపాకీతోనే కొట్టారు. కావాలంటే మామనడుగు."

తాసియో తలూపాడు. "అది నిజమే. జన్యువును లోహప్పొడికి పూసి, తుపాకీలాంటి దానితో కణాల్లోకి కొడతారు. విత్తనాలిచ్చిన రోజు క్లాసులో సినిమా వేసి చూపించారు."

రుఫీనా లెక్క వేసుకుంది. ఆ క్లాసులో కూర్చుని సినిమా చూసినవాళ్లకే విత్తనాలిచ్చారు. మెల్కోర్‌కు తుపాకీ సంగతి తెలిసిందంటే అక్కడ కూర్చున్నట్టే కదా. జేబులో సీసాను గట్టిగా పట్టుకుంది.

"దూరం నుంచి కొడితే గింజ బెదురుతుందని వెనకనుంచి వెళ్లి కొట్టా. ఆ తర్వాత ఏమైందో తెలుసా? తెల్లారేసరికి మొలక. ఆ మొలకకు రెండే ఆకులు, అవి కూడా రెక్కల్లా టపటపలాడుతున్నాయి. మా ఆవిడ నీళ్లు పోయడానికి వెళితే కూసింది."

"మొలకా?"

"మొలకే. గొంతు పూర్తిగా రాలేదు గాని కూసింది. తెగులును మోసుకొచ్చే పేనుబంక వాలిందనుకో, ఆకు వంగి టక్కున పొడిచేసేది. కాయలు దిగేసరికి ఒక్కోదానికి వెనకాల ముల్లు. చేతికి తొడుగు లేకుండా కోయడానికి లేదు. ఇంకో రహస్యం చెప్పనా? లోపల ఆ పసుపు ఎక్కడిదనుకున్నారు? గుడ్డు సొన. సగానికి కోసి పెనం మీద వేస్తే చాలు, టిఫిను."

"ఉప్పు కూడా అదే వేసుకుంటుందా?" అన్నాడు ఇకైకా.

"సముద్రపు గాలికి పెరిగిన చెట్టు తమ్ముడూ, ఉప్పు వేరే ఎందుకు? ఇంతకీ హిలో నుంచి ఒకడు పుంజును చంకలో పెట్టుకుని పందేనికొచ్చాడు. కపితాన్‌కు ఆ రోజు జలుబు. పోనీ అని ఓ చెట్టును కుండీతో సహా బరిలోకి దించా. వాడి పుంజు ఒక్కసారి చెట్టు వంక చూసి, కత్తి విప్పి పక్కన పెట్టి, దండం పెట్టింది."

"కాళ్లతోనా?" అన్నాడు తాసియో.

"రెక్కలతో మామా, దానికీ మర్యాద ఉంటుంది. అంతటితో అయిందా? ఆ ఏడే పై నుంచి లావా దిగింది. ఊరంతా సామాన్లు సర్దుకుంటోంది. నా చెట్లు కోళ్లలాగా వేళ్లతో నేల గీరి, గీరి, లావాకు అడ్డంగా గట్టు కట్టి..."

"అన్నా," ఇకైకా కప్పు దించాడు. "ఏమైనా చెప్పుకో. లావా తల్లి పెలె అమ్మవారి జోలికి మాత్రం పోకు."

"పోతానా? గట్టు కట్టాక అన్నీ వరసగా నిలబడి అమ్మవారికి తలవంచాయి. ఆమే ముచ్చటపడి పక్కనుంచి వెళ్లింది."

ఇకైకా కాసేపు ఆలోచించి, అది పర్లేదన్నాడు.

రుఫీనా ఇక ఆగలేకపోయింది. "అయితే అన్నా, కంచె వెంబడి ఉన్నవి ఆ చెట్లేనా?"

"కంచె మొదలు నుంచి చివరిదాకా అవే. ఒక్క పాత చెట్టు ఉంటే నా పేరు మార్చు. జపాన్‌కు కూడా పంపాను తెలుసా? దారి పొడుగునా ఓడలో పెట్టెలన్నీ తెల్లారగానే కూత. నావికులు గడియారాలు సముద్రంలోకి విసిరేశారు. అక్కడ తనిఖీ ఆఫీసరు కాయ కోసి, గింజ మీద మందు చుక్క వేశాడు. ఊరందరి గింజలకు ఒట్టి నీలమే కదా. నా గింజ నీలమైంది, పచ్చనైంది, ఎర్రనైంది, పురి విప్పింది. ఆయన టోపీ తీసి, అయ్యా ఇది పండు కాదు, దూత, దీన్ని కోసినందుకు క్షమించమని..."

అంతలో ప్యాకింగ్ షెడ్డు సైరన్ అందరికీ వినిపించింది. ఏడు గంటలు.

రుఫీనా సీసా తీసి బల్ల మీద పెట్టింది. "నిన్న నువ్విచ్చిన పండు గింజలివి. కంచె పక్క చెట్టువేనని నువ్వే చెప్పావు."

 ఆమె వెండికాగితం విప్పింది. తొందరలో అది రెండుసార్లు చిరిగింది. సీసాను వెలుతురుకు ఎత్తి పట్టుకుంది.

గింజలు వండిన అన్నం మెతుకుల్లా తెల్లగా ఉన్నాయి.

రుఫీనా కుర్చీలో కూలబడింది. ఆ పొద్దున ఆమె కూర్చోవడం అదే మొదలు. "అన్నా," అంది, "నీ పుంజు ఈకముక్క కూడా లేదు ఇందులో."

"ఎందుకుంటుంది?" అన్నాడు తాసియో కత్తి తుడుచుకుంటూ. "క్లాసు రోజు మనవాడు కోడిపందెంలో ఉన్నాడు. పరుగెత్తుకొచ్చేసరికి తలుపులు మూసేశారు. ఖాళీ సంచీ పట్టుకుని మెట్ల మీద నిలబడ్డవాణ్ణి నేనే లారీలో ఎక్కించుకొచ్చా. తుపాకీ సంగతి దారిలో నేను చెప్పిందే. మళ్లీ వెళ్లి అడగరా అంటే సిగ్గుపడ్డాడు."

 మెల్కోర్ సీసా అందుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"కపితాన్ తెల్లపుంజు కదా," అన్నాడు చివరికి. "రంగు దిగింది."

ముగ్గురూ పిట్టగోడ మీదుగా కిందికి చూశారు. కపితాన్ ఎర్రగా ఉంది.

"ఎండకు," అన్నాడు మెల్కోర్.

రుఫీనా ఓ ముక్క బొప్పాయి తీసుకుని, తిని, గింజలు కిందికి ఉమ్మి, "నీ పాత చెట్లను చల్లగా ఉండనీ అన్నా," అని చెప్పి వెళ్లిపోయింది.

తనిఖీ మంగళవారం జరిగింది. రుఫీనా తోటలో కోసి మందులో వేసిన ఒక్క ఆకు కూడా నీలం కాలేదు. ఆమె పండ్లు ఆ వారమే ఓడెక్కాయి. పొరుగు తోట కూడా చూడాలన్నది నియమం కాబట్టి మెల్కోర్ చెట్ల ఆకులూ కోసుకెళ్లారు. ఆ ఫలితం శుక్రవారం తెలిసింది. మెల్కోర్ స్థలం మొత్తంలో నీలమైన చెట్టు ఒక్కటే. అది వరండా కింద, అందరూ గింజలు ఉమ్మే చోట, కపితాన్‌ను కట్టేసిన చెట్టు.