వీరభద్రరావుగారు పగ్గాలు వదిలిన మలుపు

గురువారం సాయంత్రం అల్ అజీజియాలోని వీరభద్రరావుగారి మజ్లిస్‌లో, అంటే వచ్చినవాళ్లను కూర్చోబెట్టే ముందు గదిలో, టీ కప్పులు ఒక విడత తిరిగాయంటే ఆయన గొంతు సవరించుకున్నారన్నమాటే. సౌదీలోని ఖోబర్‌లో ఏళ్ల తరబడి ఇంజనీరుగా పేరు మోసిన పెద్దమనిషి. మాటలో తొందర ఉండదు, కూర్చునే తీరులో తొణుకు ఉండదు. కోత కోసినా శుభలేఖ చదివినంత మర్యాదగా కోస్తారు. ఆ కోతలకు సాక్ష్యం ఆయన అర్ధాంగి కాత్యాయనిగారిది. "కావాలంటే మా ఆవిణ్ణి అడగండి" అని ఆయన అనడం, "అవునండీ" అని ఆవిడ తలూపడం వాళ్ల కాపురమంత పాత ఆచారం. నలుగురిలో భర్త మాట తీసేయడం ఆవిడ ఎరగరు.

ఆ సాయంత్రం మాత్రం ఆవిడ మనసు మనసులో లేదు. ఎదుట కూర్చున్న, ఆ ఇంటికి రాకపోకలున్న గౌస్ మొహిద్దీన్ కూతురు నాజ్నీన్ కాలేజీ స్నేహితురాళ్లతో తెల్లవారితే అబహా విమానం ఎక్కుతోంది. అక్కడినుంచి కొండలపైన, మనిషి అలికిడి లేని చోట ఉన్న ఒక మజ్రాకు, గుర్రాల తోటకు, వెళ్తారు. పోయిన ఏడాది సెలవులకు ఈ దంపతులు అతిథులుగా ఉండి, గుర్రపుస్వారీ చేసి వచ్చిన తోట అదే.

"అంకుల్, మీ గుర్రం సంగతి చెప్పండి, ప్లీజ్," అంది పిల్ల.

"చెప్పడానికేముందమ్మా, చిన్న విషయం," అని ఆరంభించారు వీరభద్రరావుగారు. "యజమాని షేక్‌గారు గహ్వా, అదే అరబ్బుల కాఫీ, పోశారు. చాలనుకుంటే ఆ చిట్టి కప్పును ఇలా ఆడించి చూపాలట, లేకపోతే పోస్తూనే ఉంటారు. నాకా ఆచారం తెలియదు, పెట్టింది కాదనడం మన ఇంటా వంటా లేదాయె. వారు పోస్తున్నారు, నేను తాగుతున్నాను. కూజా అయిపోయింది. చుట్టుపక్కల ఇళ్ల కూజాలన్నీ అయిపోయాయి. చివరికి కింది ఊరినుంచి నీళ్ల ట్యాంకరులో గహ్వా తెప్పించారు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? షేక్‌గారు లేచి నా నుదురు ముద్దాడి, 'ఈ మనిషికి మామూలు గుర్రం తగదు' అని, అంతవరకూ ఎవరినీ వీపు తాకనివ్వని నల్ల గుర్రాన్ని విప్పించారు. కావాలంటే మా ఆవిణ్ణి అడగండి."

"అవునండీ," అన్నారు కాత్యాయనిగారు. గహ్వాతో ఎవరి ప్రాణానికీ ముప్పు లేదు.

ఆయన దగ్గర పనిచేసే సాయితేజ ఊరుకోలేదు. "సార్, అంత తాగాక గుర్రంకంటే ముందు మీరే పరుగెత్తాలి కదా!"

"నవ్వకయ్యా, పరుగు సంగతికే వస్తున్నాను. ఆ వేగానికి నా నీడ వెనకబడిపోయింది. మేం తిరిగొచ్చి, భోజనం చేసి, నడుం వాల్చాక గానీ అది రొప్పుతూ వచ్చి నన్ను చేరలేదు. మబ్బులు మా కిందున్నాయి. గుర్రం కాలు పొరపాటున ఒక మబ్బులో దిగబడింది, కింద జిజాన్‌లో కుంభవృష్టి!"

"యా అల్లా! ఏం గుర్రం సార్ అది!" అన్నాడు గౌస్ మొహిద్దీన్.

"గుర్రానిదేముంది మొహిద్దీన్, ఎక్కినవాడి గుండె ముఖ్యం. ఇక ఆ మలుపు వచ్చింది. దారి జానెడు. ఒక పక్క బండ, ఇంకో పక్క లోయ. కాలికింద రాయి ఒకటి జారింది. అది అడుగుకు చేరిన చప్పుడు ఎంతసేపటికీ వినబడలేదు."

కాత్యాయనిగారు కప్పులు ఏరుతున్న ట్రేతో అక్కడే ఆగిపోయారు. కథ మొత్తంలో ఆ రాయి ఒక్కటే నిజం.

"దారి చూపే సూడాన్ మనిషి దిగమని మొత్తుకుంటున్నాడు. దిగానా? పగ్గాలు రెండూ వదిలేశాను, కళ్లు మూసుకున్నాను, డొక్కలో మడమతో ఒక్కటిచ్చాను. ఎగిరింది! లోయమీద ఎంతసేపు ఎగిరామంటే, మధ్యలో దానికి ఆకలేసింది. జేబులోంచి ఖర్జూరం తీసి పెట్టాను, గింజ కిందికి ఉమ్మేసింది. మేం అవతలి కొండమీద దిగేసరికి ఆ గింజ మొలిచి, చెట్టై, గెలలు వేసింది!"

సాయితేజ టీ పొలమారి దగ్గాడు. గౌస్ మొహిద్దీన్ తొడ చరిచాడు. నాజ్నీన్ నవ్వలేదు. ముందుకు జరిగి కూర్చుంది.

"ఖర్జూరం సంగతి వదిలేయండి అంకుల్. పగ్గాలు వదిలింది మాత్రం నిజమే కదా? అక్కడ అందరూ దిగి నడవాలని తోటవాళ్లు మా గ్రూపుకు మెసేజ్ పెట్టారు. నేను దిగనని మావాళ్లతో పందెం కాశాను. మీలాగే చేస్తాను, వాళ్లు వీడియో తీస్తారు."

వీరభద్రరావుగారి కనురెప్ప ఒక్కసారి అదిరింది. అది భార్యకు తప్ప ఎవరికీ కనబడలేదు. కానీ నలుగురూ ఆయన నోటివంకే చూస్తున్నారు. అంత ఎత్తు ఎక్కిన మాటను దింపడం ఆయనకు చేతకాలేదు.

"నిజమేనమ్మా. దారి గుర్రానికి తెలుసు, తప్పు చేసేది మనిషి చెయ్యే. వదిలెయ్, కళ్లు మూసుకో, అంతే. కావాలంటే మా ఆవిణ్ణి అడుగు."

"సారే చెప్పినాక భయమెందుకు పాపా," అన్నాడు గౌస్ మొహిద్దీన్. "అమ్మా, మీరు గూడా ఒక మాట అనేయండి, రేపు నిమ్మళంగా పంపిస్తా."

కాత్యాయనిగారు భర్తవైపు చూశారు. ఆయన తల అప్పుడే కొంచెం ఊగుతోంది, రాబోయే 'అవునండీ'కి తాళం వేస్తున్నట్టు. ఆవిడ చేతిలోని ట్రే కింద పెట్టారు.

"కాదు," అన్నారు.

ఆ గొంతు తనదేనా అని ఆవిడకే అనుమానం వచ్చింది. అయినా ఆగలేదు. "ఆయన మలుపుకు ఇవతలే దిగిపోయారు తల్లీ. నడవడానికి కాళ్లు ఆడక పాకుతూ దాటారు. గుర్రం ముందే అవతలికి వెళ్లి, ఈయన ఎంతకీ రాకపోతే వెనక్కి తిరిగి చూస్తూ నిలబడింది. నేను ఆయన చొక్కా పట్టుకుని వెనకాలే పాకాను. ఆ రాయి జారింది మా మోకాళ్లకిందే. నీ పందెం పాడుగాను, అక్కడ దిగెయ్."

గౌస్ మొహిద్దీన్ చెయ్యి తెలియకుండానే కూతురి మణికట్టు పట్టుకుంది.

"పాకారా అంకుల్?" అంది నాజ్నీన్, పాలిపోయిన మొహంతో.

భర్తవైపు చూసే ధైర్యం కాత్యాయనిగారికి లేకపోయింది. వీరభద్రరావుగారు కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకున్నారు.

"పాకాను," అన్నారు నెమ్మదిగా. "పాకడమంటే మాటలనుకున్నావా? ఆ కొండల్లో కోతుల గుంపులున్నాయి చూడు, అంతవరకూ అవి రెండు కాళ్లమీదే తిరిగేవి. నన్ను చూశాకే నాలుగు కాళ్ల నడక నేర్చుకున్నాయి."

ఈసారి పిల్ల ఫక్కున నవ్వింది. నవ్వుతూనే ఫోను తీసి స్నేహితురాళ్లకు ఏదో కొట్టింది.

"ఏం పెట్టినావ్?" అన్నాడు తండ్రి.

"నేనూ దిగుతానని, అబ్బా."

కాత్యాయనిగారు అప్పటికి గానీ తలెత్తలేదు. వీరభద్రరావుగారు సోఫా దిగారు. క్రీజు నలగని ప్యాంటుతో, అంత పెద్దమనిషి, తివాచీమీద మోకాళ్లూ చేతులూ ఆనించి వంగి ఉన్నారు.

"ఇలా రామ్మా, చూడు," అంటున్నారు. "చెయ్యి బండవైపు వెయ్యాలి. కిందికి చూడకూడదు."